ఫ్యాక్టరీలో గదులు, స్థలంలో పునాది: హైదరాబాద్‌లో మాడ్యులర్ ఇల్లు, రిసార్టు కట్టించుకోవడం ఎలా

ఇటుకలతో ఇల్లు కట్టించినవాళ్లను అడగండి, నెలలు ఎక్కడ కరిగిపోయాయో చెబుతారు. పునాది అయితేగానీ పిల్లర్లు లేవవు, పిల్లర్లు లేస్తేగానీ స్లాబ్ పడదు, సెంట్రింగ్ విప్పితేగానీ కింద గోడలు మొదలవవు. అన్నీ ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఇసుక దొరకదు, కూలీలు పండక్కి ఊరెళ్తారు, జులైలో ముసురు పడితే వారం రోజులు పని బంద్. మాడ్యులర్ పద్ధతి ఈ వరసను రెండుగా చీలుస్తుంది. మీ స్థలంలో పునాది తవ్వుతున్నప్పుడే ఎక్కడో మేడ్చల్ వైపో పటాన్‌చెరు వైపో ఒక షెడ్డు కింద మీ పడగ్గది గోడలు, మీ బాత్రూం తయారవుతూ ఉంటాయి. పునాది గట్టిపడేసరికి గదులు లారీ ఎక్కుతాయి.

ఈ పద్ధతిలో పని 20 నుంచి 50 శాతం త్వరగా అవుతుందని మెకిన్సీ సంస్థ 2019లో ఒక నివేదికలో లెక్కగట్టింది. ఖర్చు విషయంలో మాత్రం అంత ధీమా చూపలేదు. అన్నీ కుదిరితే 20 శాతం దాకా తగ్గొచ్చు, రవాణా, సామగ్రి ఖర్చులు మీద పడితే 10 శాతం పెరగనూ వచ్చు. నా అభిప్రాయమూ అదే. కేవలం డబ్బు మిగులుతుందని ఇందులోకి దిగకండి. సమయం కలిసిరావాలి, పని నాణ్యంగా ఉండాలి, స్థలంలో దుమ్మూ గోలా తగ్గాలి అనుకుంటే దిగండి. అది కూడా, పని మొదలవకముందే అన్నీ తేల్చుకునే ఓపిక ఉంటేనే.

మీకు సరిపోతుందా లేదా

చేవెళ్ల దగ్గర ఇరవై గుంటల భూమిలో ఫామ్‌హౌస్ అనుకోండి, మాడ్యులర్‌కు ఇంతకంటే అనువైన పని లేదు. అక్కడ కూలీలు నిలవరు, నీళ్లు ట్యాంకర్లో తేవాలి, రోజూ వెళ్లి చూసుకోలేరు. అలాగే మల్కాజిగిరి, సైదాబాద్ లాంటి పాత కాలనీల్లో ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలనుకునేవాళ్లకు కూడా ఇది మంచి దారి. తొమ్మిదంగుళాల ఇటుక గోడతో పోలిస్తే స్టీల్ ఫ్రేమ్ గోడ బరువు చాలా తక్కువ. అయితే పాత పిల్లర్లు, పునాది ఆ బరువు మోస్తాయా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు కాగితం మీద రాసివ్వాలి. ఆ అంతస్తుకు అనుమతి కూడా ఉండాలి. తేలిక గోడలు కదా అని ఈ రెండింటినీ వదిలేయకూడదు.

వంద గజాల స్థలం, పదిహేను అడుగుల గల్లీ, మూడంతస్తులు వేసి రెండు అద్దెకివ్వాలి అనుకుంటే మాత్రం మంచి మేస్త్రీని వెతుక్కోండి. ఆ గల్లీలోకి ట్రైలర్ రాదు, క్రేన్ కాళ్లు పరుచుకోవడానికి జాగా ఉండదు. పని నడుస్తుండగా గోడ జరిపించుకునే అలవాటు ఉన్నవాళ్లకూ ఇది సరిపడదు.

హోటలు, రిసార్టు పెట్టేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి

ఇంటి విషయంలో మూడు నెలలు ముందు పూర్తయితే మూడు నెలల అద్దె మిగులుతుంది. హోటలుకు అలా కాదు. వికారాబాద్ అనంతగిరి కొండల దగ్గర ఇరవై గదుల రిసార్టు పెడుతున్నారనుకుందాం. గదికి రోజుకు మూడు వేలు, సగం గదులే నిండుతాయని తీసుకున్నా రోజుకు ముప్పై వేలు. నాలుగు నెలలు ముందు తెరిస్తే 36 లక్షల రాబడి. అదే నాలుగు నెలలు బ్యాంకు వడ్డీ కూడా రాబడి లేకుండా కట్టే బాధ తప్పుతుంది. మాడ్యులర్ కొటేషన్ మామూలు కట్టడం కంటే కొంచెం ఎక్కువ కనిపించినప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టుకుని చూడండి.

గదులన్నీ ఒకే నమూనాలో ఉండడం హోటళ్లకు ఉన్న పెద్ద అనుకూలత. ఫ్యాక్టరీకి కావాల్సిందీ అదే, చేసిందే మళ్లీ చేయడం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1968 అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టిన హిల్టన్ పలాసియో డెల్ రియో హోటల్లో గదుల్ని కాంక్రీటుతో వేరేచోట పోసి, లోపల సామాను కూడా అమర్చి, క్రేన్‌తో ఒకదానిమీద ఒకటి పేర్చారు. 21 అంతస్తుల ఆ హోటలు 202 పని దినాల్లో పూర్తయింది, ఇప్పటికీ నడుస్తోంది. సింగపూర్‌లో చాంగీ ఎయిర్‌పోర్టు పక్కన క్రౌన్ ప్లాజా విస్తరణ భవనం 2016లో తెరిచారు. అందులో 243 గదులు. మాడ్యూళ్లు షాంఘైలో తయారై ఓడలో వచ్చాయి. పనిచేస్తున్న ఎయిర్‌పోర్టు పక్కన నెలల తరబడి క్రేన్లు, లారీలు తిప్పడం కుదరదు కనకే ఆ దారి పట్టారు. నడుస్తున్న హోటలుకు ఇంకో బ్లాకు జతచేయాలనుకునే మన వాళ్లు గమనించాల్సింది ఇదే. ఉన్న అతిథులకు డ్రిల్లింగ్ మోత, దుమ్ము తగ్గుతాయి, ఉన్న గదుల వ్యాపారం దెబ్బతినదు.

అన్ని గదులూ ఫ్యాక్టరీలో చేయించడం మీకు భారమనిపిస్తే బాత్రూంలు మాత్రం పాడ్‌లుగా, అంటే షెడ్డులోనే పూర్తిగా తయారైన పెట్టెలుగా తెప్పించుకోండి. హోటలు పనిలో అన్నిటికంటే ఆలస్యమయ్యేదీ, తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులొచ్చేదీ బాత్రూమే. ప్లంబర్, టైల్స్ మనిషి, ఎలక్ట్రీషియన్, వాటర్‌ప్రూఫింగ్ మనిషి నలుగురూ ఐదడుగుల జాగాలో ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తుంటారు. పాడ్‌లో అదంతా షెడ్డులోనే అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: పాడ్‌కు తనదైన ఫ్లోరు మందం ఉంటుంది. ఆ చోట స్లాబ్‌ను అంతమేర కిందికి దించి పోయించాలి. అది మరిచిపోతే అతిథి ప్రతిసారీ మెట్టెక్కి బాత్రూంలోకి వెళ్లాల్సి వస్తుంది.

రకం ఎంచుకోండి

మాడ్యులర్ అన్న ఒక్క మాట కింద మార్కెట్లో వేర్వేరు వస్తువులు అమ్ముతారు. గది మొత్తం పెట్టెలా తయారై వచ్చేది ఒకటి. గోడలు, పైకప్పు ప్యానెళ్లుగా వచ్చి స్థలంలో బిగించేది ఇంకొకటి, మన దగ్గర ఎల్‌జీఎస్‌ఎఫ్ అని పిలిచే సన్నటి గాల్వనైజ్డ్ స్టీల్ ఫ్రేమ్ ఇళ్లు ఎక్కువగా ఈ కోవలోవే. కాంక్రీటు గోడలు, స్లాబులు ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ మూడోది, ఇది అపార్టుమెంట్లకు, పెద్ద హోటళ్లకు పనికొస్తుంది గానీ ఒక్క ఇంటికి అచ్చులు చేయించడం దండగ. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్‌హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసినప్పుడు ఈ రకాలను కూడా వేర్వేరు నగరాల్లో పరీక్షకు పెట్టింది. రాంచీలో పెట్టెల్లాంటి కాంక్రీటు గదులు, చెన్నైలో ప్రీకాస్ట్, అగర్తలాలో లైట్ గేజ్ స్టీలు.

ఏది మీకు అన్నది ముందుగా తేల్చేది రోడ్డు. వాహన నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, ఎత్తు సాధారణంగా 4 మీటర్లు. అంటే ప్రత్యేక అనుమతి లేకుండా వచ్చే పెట్టె గదిలో రెండు వైపులా గోడ మందం తీసేస్తే లోపల మిగిలేది ఏడున్నర, ఎనిమిది అడుగుల మధ్య. డబుల్ కాట్ వేసి పక్కన బీరువా పెడితే తలుపు తెరుచుకోదు. అందుకని పడగ్గది కావాలంటే రెండు పెట్టెలు కలపాలి, లేదా అదనపు వెడల్పు సరుకు కింద అనుమతి తీసుకుని వెడల్పాటి పెట్టె తేవాలి, లేదా ప్యానెళ్లకు వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి వెడల్పాటి రోడ్డు ఉన్న రిసార్టుకు పెట్టెలు, ఊళ్లో కాలనీ ఇంటికి ప్యానెళ్లు. నేనైతే ఇలాగే చెబుతాను.

పాత షిప్పింగ్ కంటైనర్ల మీద మోజు ఎక్కువైంది కాబట్టి నాలుగు మాటలు. నలభై అడుగుల ఖాళీ కంటైనర్ వెడల్పు 2.44 మీటర్లే, లోపల అంతకన్నా తక్కువ. దాని బలమంతా నాలుగు మూల స్తంభాల్లో, ముడతల గోడల్లో ఉంటుంది. కిటికీల కోసం, హాలు పెద్దది చేయడం కోసం ఆ గోడను కోసేకొద్దీ పైకప్పు కుంగుతుంది, మళ్లీ స్టీలు బీములు వెల్డింగ్ చేయించాలి. కింద ప్లైవుడ్‌కు పురుగుమందు పట్టించి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేయించాలి. ఇన్ని చేశాక ఖర్చులో పెద్ద తేడా మిగలదు. కాఫీ షాపుకో, సెక్యూరిటీ గదికో అయితే పర్వాలేదు. సంసారానికి వద్దు.

భూమి కాగితాలు, అనుమతులు

"ఇది కదిలే ఇల్లు సార్, అనుమతి అక్కర్లేదు" అనేవాళ్ల మాట నమ్మకండి. పునాది వేసి, కరెంటు మీటరు పెట్టించి, సెప్టిక్ ట్యాంకు కట్టించాక అది కట్టడమే. ఇళ్లకు ఇక్కడున్న స్వీయ ధ్రువీకరణ విధానమే దీనికీ వర్తిస్తుంది. 2020 నాటి చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే సరిపోతుంది, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. దరఖాస్తులు ఇప్పుడు 2025లో వచ్చిన బిల్డ్‌నౌ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా వెళ్తున్నాయి.

వ్యవసాయ భూమి అయితే నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, చేయించుకోవాలి. చెరువు పక్క భూమి అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ హద్దు ముందే చూసుకోండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో కళ్లు మూసుకుని కొన్నవాళ్ల గతి అందరం చూశాం. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కొంటుంటే ఆ ఊరు జంట జలాశయాల చుట్టూ కట్టడాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవో జాబితాలోని 84 గ్రామాల్లో ఉందో లేదో చూడండి. ఆ జీవో విషయంలో తర్వాత మార్పులు జరిగాయి, కాబట్టి మీ సర్వే నంబరుకు నేడు ఏది వర్తిస్తుందో హెచ్‌ఎండీఏ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బ్రోకర్ నోటిమాట చాలదు. రిసార్టుకైతే ట్రేడ్ లైసెన్సు, వంటగదికి ఆహార భద్రతా లైసెన్సు, భవనాన్ని బట్టి అగ్నిమాపక అనుమతి అదనం. ఫ్యాక్టరీకి అడ్వాన్సు ఇచ్చేముందే ఇవన్నీ చేతిలో ఉండాలి. గదులు తయారై షెడ్డులో కూర్చుంటే నిలవ ఉంచినందుకు అద్దె కూడా అడుగుతారు.

ప్లాన్ ఖాయం చేయండి, ఖాయం చేశాక ముట్టుకోకండి

మాడ్యులర్‌లో లాభమంతా వచ్చేదీ, పోయేదీ ఈ అడుగులోనే. మేస్త్రీ పనిలో స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి వచ్చిందని గోడ గీకి పక్కకు జరిపిస్తాం. ఇక్కడ గోడ లోపల స్టీలు కడ్డీలు, వాటి రంధ్రాల్లోంచి వైర్లు, మధ్యలో రాక్‌వుల్ అనే రాతి దూది, పైన బోర్డు. అన్నీ కంప్యూటర్ డ్రాయింగ్ ప్రకారం కోసినవి. ఒక్క కిటికీ జరిపితే ఆ గోడ మొత్తం మళ్లీ చేయాలి.

అందుకని మొదట వాస్తు తేల్చుకోండి. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది మీ ఇష్టం, కానీ ఇంట్లో అత్తగారికో నాన్నగారికో ఉంటే సిద్ధాంతిగారిని ఈ దశలోనే కూర్చోబెట్టండి. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు, మెట్లు ఏ వైపు తిరగాలి, పూజగది ఎక్కడ అన్నీ ఆయన నోటితోనే చెప్పించి డ్రాయింగ్ మీద గీయించండి. ముహూర్తాల సంగతి కూడా అప్పుడే అడగండి. ఆషాఢంలోనో శూన్యమాసంలోనో గృహప్రవేశం చేయరు కాబట్టి ఫ్యాక్టరీ డెలివరీ తేదీని దానికి ముందుకో వెనక్కో పెట్టించుకోవచ్చు.

తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని గోడలకు ఏం తగిలిస్తారో రాయండి. ఇది చాలామంది వదిలేసే పని. బోర్డు గోడ ఫొటో ఫ్రేమును మోస్తుంది, ఇరవై అయిదు లీటర్ల గీజరును మోయదు. దాని వెనక ముందే ప్లైవుడ్ ముక్కో స్టీలు పట్టీయో పెట్టి ఉండాలి. టీవీ ఎక్కడ, ఏసీ ఎక్కడ, వంటింట్లో పై అరలు ఎక్కడ, కర్టెన్ రాడ్లు ఎక్కడ, హాల్లో ఉయ్యాల కొక్కాలు ఎక్కడ. ముఖ్యంగా ఉయ్యాల. ఇద్దరు కూర్చుని ఊగితే పడే లాగుడు మామూలు బరువు కంటే ఎక్కువ, దానికి పైన ప్రత్యేకంగా బీము కావాలి. ఇంటి పైన నీళ్ల ట్యాంకు కూడా ఇలాంటిదే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను దాటుతుంది. దాన్ని పైకప్పు మీద పెట్టకుండా పక్కన విడిగా స్టాండు వేయిస్తే నిశ్చింత.

"ఏడంతస్తులు 45 రోజుల్లో" అని బెంగళూరులోని డీఆర్‌డీఓ భవనాన్ని చూపించి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ భవనం నిజంగానే 2022 ఫిబ్రవరి 1న మొదలై మార్చిలో ప్రారంభమైంది. అయితే శంకుస్థాపన 2021 నవంబరులోనే జరిగింది. డిజైన్, తయారీ ఏర్పాట్లు అన్నీ ముందే సాగాయి కాబట్టే స్థలంలో 45 రోజులకు దిగింది. మీకు చెప్పే రోజుల లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో అడగండి. అడ్వాన్సు రోజు నుంచా, ప్లాన్ ఖాయమైన రోజు నుంచా, పునాది అప్పగించిన రోజు నుంచా? మూడూ మూడు వేర్వేరు తేదీలు.

ఫ్యాక్టరీకి స్వయంగా వెళ్లండి

బ్రోషరు, షోరూమ్ ఇల్లు చూసి డబ్బు కట్టకండి. షెడ్డుకు వెళ్లి సగం తయారైన గోడ చూడాలి, బోర్డు ఇంకా బిగించనిది. స్టీలు రోల్ మీద అచ్చు వేసిన గుర్తులు చదవండి. జింకు పూత చదరపు మీటరుకు 275 గ్రాములు అని, బలం 550 అని ఉంటే మంచి సరుకు. ఆ టెస్ట్ సర్టిఫికెట్ కాపీ అడగండి. స్క్రూల మీద తుప్పు చుక్కలు ఉన్నాయేమో చూడండి. కోసిన అంచుల దగ్గర పూత పోయి ఉంటే మళ్లీ జింకు పెయింటు వేస్తున్నారా లేదా గమనించండి.

తర్వాత టేపు తీసుకుని నేల మీద పడుకోబెట్టిన ఫ్రేముకు మూల నుంచి మూలకు కొలవండి. ఐమూలగా తీసిన రెండు కొలతలూ సమానంగా ఉండాలి. మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ గోడ మూలమట్టంలో లేదు, తలుపులు ఈడ్చుకుంటాయి. ఫ్యాక్టరీ మీద నమ్మకం రావడానికైనా పోవడానికైనా ఈ ఒక్క కొలత చాలు.

గోడ లోపల ఏం నింపుతున్నారు? నురగ నింపిన పఫ్ ప్యానెల్ వేడిని బాగా ఆపుతుంది, కానీ అంటుకుంటే మండుతుంది, విషపు పొగ వస్తుంది. మనుషులు పడుకునే గదులకు, ముఖ్యంగా రిసార్టుకు, రాక్‌వుల్ అడగండి. అది మండదు, శబ్దాన్ని కూడా పీల్చుకుంటుంది. లోపలి బోర్డు తడి తగిలే చోట జిప్సమ్ కాకుండా ఫైబర్ సిమెంటు ఉండాలి. ఏరోకాన్ ప్యానెళ్లు, వీ బోర్డులు మన హైదరాబాద్ కంపెనీల ఉత్పత్తులే కాబట్టి దొరకడం కష్టం కాదు. వైర్లు స్టీలు రంధ్రాల్లోంచి వెళ్లే చోట ప్లాస్టిక్ బుష్ తొడిగారా చూడండి. లేకపోతే అంచు కోసుకుని ఇల్లంతా కరెంటు పారే ప్రమాదం ఉంది. ఫ్రేము మొత్తానికి ఎర్తింగ్ తప్పనిసరి.

బాత్రూం అక్కడే పరీక్ష పెట్టించండి. కింది రంధ్రం మూసి రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు ఉంచమనండి. షెడ్డులో కారితే వాళ్ల ఖర్చు. మీ ఇంట్లో కారితే మీ తలనొప్పి.

డబ్బు, అగ్రిమెంటు

మామూలు కాంట్రాక్టులో డబ్బు ఇస్తే దాని విలువైన గోడ మీ భూమి మీద లేస్తుంది. ఇక్కడ ఎక్కువ భాగం డబ్బు వెళ్లేసరికి మీ స్థలంలో ఏమీ ఉండదు, సరుకంతా వాళ్ల షెడ్డులో ఉంటుంది. కాబట్టి విడతలను తేదీలకు కాకుండా మీరు కళ్లతో చూసి సంతకం పెట్టే దశలకు కట్టండి: ఫ్రేములు తయారైనప్పుడు, బోర్డులు బిగించేముందు, నీళ్ల పరీక్ష తర్వాత, గదులు పునాది మీద కూర్చున్నాక. ఒక్కో గదికి నంబరు వేయించి, డబ్బు కట్టిన మేర అవి మీవేనని అగ్రిమెంట్లో రాయించండి. పది శాతమైనా చేతిలో ఉంచుకోండి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాక ఇచ్చేలా. ధరలో జీఎస్టీ, రవాణా, క్రేన్, ఇన్సూరెన్స్, పునాది ఏవేవి కలిసి ఉన్నాయో విడివిడిగా రాయించండి. ఇంటి రుణం కావాలంటే బ్యాంకు వాల్యూయర్‌తో అడ్వాన్సుకు ముందే మాట్లాడండి, స్థలంలో కట్టడం కనబడితేగానీ విడత విడుదల చేయనివాళ్లు ఉంటారు.

పునాది

ఫ్యాక్టరీ మిల్లీమీటర్లలో ఆలోచిస్తుంది, మేస్త్రీ అంగుళాల్లో. ఈ ఇద్దరూ కలిసే చోటే గొడవలన్నీ పుడతాయి. గది అడుగున ఉన్న రంధ్రాలు పునాదిలోంచి లేచిన బోల్టుల మీద సరిగ్గా కూర్చోవాలి. అర అంగుళం తప్పితే క్రేన్‌కు గంటల లెక్కన డబ్బు కడుతూ రంధ్రాలు కోయిస్తూ నిలబడతారు. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి బోల్టుల స్టీలు టెంప్లేట్ తెప్పించుకుని, కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులు దానిలోనే బిగించి ఉంచండి. మట్టం పైపుతో కాకుండా ఆటో లెవెల్ అనే సర్వే పరికరం పెట్టి చూపించమనండి. డ్రైనేజీ పైపు పైకి లేచే చోటు కూడా అదే టెంప్లేట్‌లో ఉండాలి.

నేల ఎలాంటిదో చూసుకోవాలి. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం వైపు కాస్త తవ్వితే రాయి తగులుతుంది, పునాదికి భయం లేదు, తవ్వడానికే ఖర్చు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి వస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే ఆ నేల మీద తేలిక ఇల్లు ఇంకా తొందరగా అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే దాన్ని అణచిపెట్టే బరువు పైన లేదు. మట్టి పరీక్ష చేయించి ఇంజినీరు చెప్పిన లోతుకే వెళ్లండి. ఇంకో విషయం, తేలిక ఇంటికి బరువు కంటే గాలి పెద్ద శత్రువు. భారత ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌లో డిజైన్‌కు తీసుకోవాల్సిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. మే నెల సాయంత్రాల్లో వచ్చే గాలిదుమారాన్ని చూసినవాళ్లకు ఇది అతిశయోక్తి అనిపించదు. పైకప్పు గోడకు, గోడ పునాదికి ఎలా కట్టారో ఆ లెక్క అడిగి తీసుకోండి.

లారీ, క్రేన్ రోజు

ముందే ఒకసారి దారంతా తిరిగి చూడండి. వేలాడే వైర్లు, రైల్వే అండర్‌పాసులు, చెట్ల కొమ్మలు, మలుపులు. నగరంలోకి భారీ లారీలకు పగలు ఆంక్షలు ఉంటాయి కాబట్టి గదులు రాత్రి వస్తాయి, దింపడం తెల్లవారుజామున. స్థలం మీదుగా 11 కేవీ లైను పోతుంటే విద్యుత్ శాఖకు ముందే రాసి ఆ రెండు మూడు గంటలు సరఫరా ఆపించాలి. ఇందులో తొందరపాటు పనికిరాదు, ప్రాణాలతో పని. క్రేన్ విషయంలో, యాభై టన్నుల క్రేన్ అంటే యాభై టన్నులు ఎక్కడికైనా ఎత్తుతుందని కాదు. చేయి చాచేకొద్దీ దాని శక్తి తగ్గిపోతుంది, ఇరవై మీటర్ల దూరంలో కొద్ది టన్నులే ఎత్తగలదు. క్రేన్ ఎక్కడ నిలబడుతుంది, అక్కడి నుంచి చివరి గది ఎంత దూరం, ఆ గది బరువెంత, ఈ మూడూ క్రేన్ యజమానికి చెప్పి లోడ్ చార్టు చూపించమనండి. ఇరుగుపొరుగుకు ముందురోజే చెప్పి కార్లు తీయించండి.

అతుకులు, ఎండ, శబ్దం

రెండు గదులు కలిసే గీత దగ్గరే నీళ్లు కారతాయి. పన్నెండు మీటర్ల స్టీలు ముప్పై డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్ల పైన సాగుతుంది, ముడుచుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నానికి, అర్ధరాత్రి వానకు మధ్య మన పైకప్పులు పడే తేడా అంతకంటే ఎక్కువే. వైట్ సిమెంటు, పుట్టీ ఆ కదలికకు తట్టుకోవు. సాగే పాలియురెథేన్ సీలెంటు, దాని కింద బ్యూటైల్ టేపు, పైన అతుకును కప్పే రేకు ఫ్లాషింగు, మూడూ కావాలి.

తేలిక గోడలు పొద్దున్నే వేడెక్కి రాత్రి తొందరగా చల్లబడతాయి, ఇటుక గోడలా వేడిని దాచుకోవు. ఏసీ వేసుకునే రిసార్టు గదికి ఇది లాభమే, గది నిమిషాల్లో చల్లబడుతుంది. ఏసీ లేని ఇంటికి మాత్రం పడమర వైపు వరండా, పైకప్పుకు సీలింగుకు మధ్య గాలి ఆడే ఖాళీ తప్పనిసరి. పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపై స్థలాల్లోని ఇళ్లకు, వాణిజ్య భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇంటికి కూడా మంచిదే.

పెట్టె గదుల్లో ఒక మేలు చెప్పకుండానే వస్తుంది. ప్రతి గదికీ తన గోడ ఉంటుంది కాబట్టి రెండు గదుల మధ్య రెండు గోడలు, నడుమ ఖాళీ. పక్క గదిలో టీవీ మోత వినపడదు. అయితే రెండు గదుల స్విచ్‌బోర్డులు వెనకా ముందూ ఒకే చోట పెడితే ఆ లాభం పోతుంది, వాటిని అడుగైనా ఎడం పెట్టించండి.

అప్పగింత

బోర్డులు బిగించేముందు ప్రతి గోడకూ టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయించి ఉంచుకోండి. రేపు మేకు కొట్టాలన్నా, పైపు వెతకాలన్నా అవే ఆధారం. కట్టింది కట్టినట్టుగా చూపించే డ్రాయింగులు, స్టీలు, వైర్లు, సీలెంటు సర్టిఫికెట్లు, సీలెంటు మళ్లీ ఎన్నేళ్లకు వేయాలో రాసిన కాగితం తీసుకోండి. స్టీలుకు చెద పట్టదు గానీ తలుపులకు, వార్డ్‌రోబులకు పడుతుంది, కాబట్టి పునాది దశలోనే చెదల మందు కొట్టించిన రసీదు కూడా ఆ ఫైల్లో ఉండాలి. గోడ కింది అంచున పైపులు బయటికి వచ్చే ప్రతి రంధ్రానికీ ఇనుప జాలీ బిగించారా చూడండి. రాక్‌వుల్ వెచ్చగా ఉంటుందని ఎలుకలు గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. మొదటి పెద్ద వాన పడ్డ రోజు టార్చిలైటు పట్టుకుని అతుకులన్నీ పైనా కిందా చూసి, తడి కనబడిన చోట తేదీ వేసి ఫొటో తీసి, ఆపి ఉంచుకున్న పది శాతం ఇచ్చేలోపే సరిచేయించుకోండి.